పంచారామాల పేజీ శీర్షిక: గ్రేడియెంట్, అంచు గీత, నీడ, మధ్యలో వత్తులు (ప్రాజెక్టు డైరీ)

పని ఏమిటి

పంచారామ క్షేత్రాల మీద ఒకే పేజీ వెబ్‌సైటు. పైన "పంచారామ క్షేత్రాలు" అని పెద్ద శీర్షిక. దాని కింద ఐదు లింకులు: అమరావతిలో అమరారామం, ద్రాక్షారామం, పాలకొల్లులో క్షీరారామం, భీమవరంలో సోమారామం, సామర్లకోటలో కుమారారామం. శీర్షికకు ఏటవాలుగా పోయే బంగారు రంగు గ్రేడియెంట్ (ఒక ఛాయ మెల్లగా ఇంకో ఛాయలోకి మారే పూత) కావాలి, చుట్టూ ముదురు ఎరుపు అంచు గీత కావాలి, వెనక నీడ పడాలి, పేజీ తెరవగానే ఒక్కో అక్షరం కిందినుంచి పైకి తేలుతూ రావాలి. ఊరి పేర్లు లింకులు గనక వాటికి అండర్‌లైన్ ఉండాలి.

ఇంగ్లీషు శీర్షికకైతే ఇదంతా ఒక పూట పని. నెట్‌లో దొరికే సీఎస్‌ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడు) ముక్కలు తెచ్చి అతికిస్తే చాలు. ఆ ముక్కలన్నీ అక్షరం గీత మీద బుద్ధిగా కూర్చుంటుందన్న లెక్కతో రాసినవి. తెలుగులో వత్తు గీత కిందికి దిగుతుంది, రెండు హల్లులు కలిసి ఒకే అక్షరమవుతాయి. బ్రౌజర్ల మధ్య తేడాలు బయటపడేది సరిగ్గా అక్కడే.

అందుకే పరీక్షకు తేలిక పదాలు పెట్టుకోలేదు. క్షేత్రాలు, ద్రాక్షారామం, క్షీరారామం శీర్షికలోనో లింకుల్లోనో ఎలాగూ ఉన్నాయి. రెండు వత్తులున్న "స్త్రీ", ఎడమ అంచు దగ్గర పేచీ పెట్టే "శ్రీ", ఇంకా "జ్ఞానం", "కృష్ణా" కలిపాం. పొల్లు కోసం, దాని వెనక కనిపించకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క హల్లు వత్తుగా మారకుండా ఆపే గుర్తు) కోసం "బ్రౌజర్‌లో" చేర్చాం.

ఏయే బ్రౌజర్లు చూడాలి

పేర్లు డజనున్నా, లోపల పేజీని గీసే ఇంజిన్లు మూడే. క్రోమ్, ఒపెరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్, 2020 జనవరి నుంచి ఎడ్జ్, ఇవన్నీ బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. సఫారీది వెబ్‌కిట్. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా మన దగ్గర లోపల నడిచేది వెబ్‌కిట్టే, కాబట్టి "ఐఫోన్ క్రోమ్‌లో చూశాం, బాగుంది" అంటే సఫారీని చూసినట్టే.

హల్లు కింద వత్తు ఎక్కడ పడాలి, గుణింతం ఏ రూపం తీసుకోవాలి అని తేల్చే పనిని షేపింగ్ అంటారు. బ్లింక్, గెకోల్లో ఆ పని హార్ఫ్‌బజ్ లైబ్రరీది. యాపిల్ పరికరాల్లో సఫారీ యాపిల్ సొంత లైబ్రరీ కోర్ టెక్స్ట్‌ను వాడుతుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞ తర్వాత నాన్ జాయినర్, దాని తర్వాత దీర్ఘం వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సర్దారు.

స్క్రీన్‌షాట్లు ప్లేరైట్‌తో (బ్రౌజర్లను కోడుతో నడిపే సాధనం) మూడు ఇంజిన్లలోనూ తీయిస్తున్నాం. ఇందులో ఒక మెలిక ఉంది. లైనక్స్ సర్వర్ మీద ప్లేరైట్ నడిపే వెబ్‌కిట్‌లో కోర్ టెక్స్ట్ ఉండదు, అక్కడా హార్ఫ్‌బజ్జే. పెట్టెల కొలతలు, లైన్ విరుపులు చూడ్డానికి అది సరిపోతుంది గానీ, సఫారీలో వత్తు ఎలా పడుతుందో చెప్పలేదు. దానికి అసలు ఐఫోనో మ్యాకో ఉండాల్సిందే. ఇంకొకటి, వెబ్ ఫాంట్ పూర్తిగా దిగాకే స్క్రీన్‌షాట్ తీయాలి. లేకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు పడతాయి. అప్పుడు మనం పోల్చేది ఫాంట్లనే తప్ప బ్రౌజర్లను కాదు. జావాస్క్రిప్ట్‌లో డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ కోసం ఆగితే సరి.

ఫాంటు, దొంగ బోల్డు

సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర తీసుకున్నాం. గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. గీత లావుగా ఉంటుంది గనక గ్రేడియెంట్ కనబడటానికి చోటుంటుంది.

ఈ ఫాంటుకు ఉన్నది ఒకే మందం, అది 400గా నమోదైంది. హెచ్1 ట్యాగుకేమో బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ పెడుతుంది. 700 మందం ఫైలు దొరకదు గనక ఉన్నదాన్నే ఉబ్బించి గీస్తుంది. ఉబ్బించే పద్ధతి ఒక్కో ఇంజిన్‌ది ఒక్కోలా ఉంటుంది, అందుకే అదే పేజీ ఒకచోట కాస్త లావుగా, ఇంకోచోట రెండుసార్లు అచ్చుపడ్డట్టు కనిపిస్తుంది. ష, ణ లోపలి చిన్న ఖాళీలు మూసుకుపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. హెచ్1కి ఫాంట్-వెయిట్: 400 పెట్టి, పైన ఫాంట్-సింథసిస్: నన్ కూడా పెట్టాం. క్రోమ్‌కు ఇది 97వ వెర్షన్ నుంచి తెలుసు, ఫైర్‌ఫాక్స్‌కూ సఫారీకీ అంతకు చాలా ముందు నుంచే తెలుసు. ఇదే వరస దొంగ ఇటాలిక్‌నూ ఆపుతుంది. తెలుగు అక్షరాన్ని పక్కకు వాల్చి చదివించాలన్న సరదా ఎవరికీ ఉండదనే అనుకుంటున్నాం.

గ్రేడియెంట్

పద్ధతి అందరికీ తెలిసిందే. వెనక గ్రేడియెంట్ పూసి, బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్‌తో దాన్ని అక్షరాల ఆకారానికి కత్తిరించి, అక్షరం రంగును పారదర్శకం చేయడం. క్రోమ్ 120కి ముందు (అంటే 2023 డిసెంబరుకు ముందు) ముందు-తోక (పేరు ముందు తగిలించే "వెబ్‌కిట్" లాంటి ముక్క) లేని మాటను ఒప్పుకోలేదు, వెబ్‌కిట్ తోకతో రాస్తేనే పనిచేసింది. ఫైర్‌ఫాక్స్ 49 నుంచి రెండూ ఒప్పుకుంటుంది. కాబట్టి రెండు వరసలూ రాయాలి. అవి బ్యాక్‌గ్రౌండ్ అన్న కుదింపు వరస (వెనకతట్టు సంగతులన్నీ ఒకేచోట రాసేది) తర్వాతే రావాలి. ముందు రాస్తే ఆ కుదింపు వరస క్లిప్‌ను మళ్లీ మొదటికి తెస్తుంది. అప్పుడు శీర్షిక స్థానంలో అక్షరాల్లేని బంగారు పలక మిగులుతుంది.

రంగును మాత్రం కలర్: ట్రాన్స్‌పరెంట్ అని తీసేయలేదు. కలర్‌లో ముదురు గోధుమ రంగు ఉంచి, వెబ్‌కిట్-టెక్స్ట్-ఫిల్-కలర్‌ను పారదర్శకం చేశాం. ఇదంతా సపోర్ట్స్ షరతు (బ్రౌజర్‌కు ఫలానా మాట తెలుసా అని అడిగేది) లోపల పెట్టాం గనక క్లిప్ తెలియని బ్రౌజర్‌లో మామూలు గోధుమ రంగు శీర్షిక వస్తుంది.

అసలు చిక్కు ఇప్పుడు. స్క్రీన్ మీద "క్షేత్రాలు"లో త్రా కింద ర వత్తు సగానికి తెగిపోయింది. ఎవరో స్కేలు పెట్టి కోసినంత సూటిగా ఉంది ఆ కోత. కారణం నిబంధనలోనే ఉంది. గ్రేడియెంట్ పడేది ఎలిమెంట్ పెట్టె లోపలే, ఆ పెట్టె లోపల అక్షరం ఉన్న మేరే. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.1 అని బిగించినప్పుడు పెట్టె ఎత్తు తగ్గిపోతుంది, వత్తు పెట్టె దాటి కిందికి దిగుతుంది. మామూలు రంగైతే దాటినా కనిపిస్తుంది. ఇక్కడ రంగు పారదర్శకం, వెనక గ్రేడియెంటూ లేదు, కాబట్టి ఆ ముక్క మాయం. ఇంగ్లీషులో జి, వై తోకలకూ ఇలా జరుగుతుంది గానీ అవి కొద్దిగానే దిగుతాయి. స్త్రీలో కింది వత్తు చాలా లోతుకు పోతుంది.

ఓవర్‌ఫ్లో సంగతి అనుకుని అక్కడ వెతికితే లాభం లేదు. పెట్టెనే పెంచాలి. లైన్-హైట్ 1.6కి తెచ్చి, కింద ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) 0.35 ఎమ్ (ఒక ఎమ్ అంటే ఫాంటు సైజంత), పైన 0.1 ఎమ్ ఇచ్చి, పేజీలో చోటు పెరగకుండా అంతే మైనస్ మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) పెట్టాం. పక్కలకూ 0.1 ఎమ్ ఇవ్వాలి. శ్రీతో మొదలయ్యే శీర్షికలో ర వత్తు కొన్ని ఫాంట్లలో ఎడమ అంచు దాటుతుంది.

ఫాంట్-ఫేస్‌లో అసెంట్-ఓవర్‌రైడ్, డిసెంట్-ఓవర్‌రైడ్‌తో ఫాంటు కొలతలే మార్చేయవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. క్రోమ్ 87, ఫైర్‌ఫాక్స్ 89 నుంచి పనిచేస్తాయి గానీ సఫారీ వాటిని పట్టించుకోదు. ప్యాడింగ్‌తోనే ఉండిపోయాం.

అంచు గీత

వెబ్‌కిట్-టెక్స్ట్-స్ట్రోక్ పేరులో వెబ్‌కిట్ ఉన్నా ఫైర్‌ఫాక్స్ కూడా 49 నుంచి దాన్ని అర్థం చేసుకుంటుంది. గీత అక్షరపు అంచుకు సరిగ్గా నడుమ పడుతుంది, అంటే సగం బయటికి, సగం లోపలికి. 4 పిక్సెళ్లు ఇస్తే 2 పిక్సెళ్ల మేర అక్షరాన్నే తినేస్తుంది. చిన్న చుట్లున్న ణ, ఱ, ష ముందు పోతాయి.

పెయింట్-ఆర్డర్: స్ట్రోక్ ఫిల్ అంటే ముందు గీత, తర్వాత దాని మీద రంగు. లోపలి సగం రంగు కింద దాక్కుంటుంది. సఫారీలో 11 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 60 నుంచి మామూలు పేజీ అక్షరాలకు ఇది పనిచేస్తుంది. క్రోమ్‌లో మాత్రం 2024 మార్చిలో వచ్చిన 123 నుంచే. అంతకు ముందు క్రోమ్‌కు ఇది ఎస్‌వీజీ (గీతలతో గీసే బొమ్మల ఫార్మాట్) అక్షరాలకే వర్తించేది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఎస్‌వీజీ కోసం ఆ మాట పాత క్రోమ్‌కు ముందే తెలుసు గనక, సపోర్ట్స్ షరతుతో అడిగితే "తెలుసు" అనే చెబుతుంది, గీసేటప్పుడు మాత్రం వాడదు. షరతు పెట్టి తప్పించుకునే దారి లేదు.

పైగా మా అక్షరం రంగు పారదర్శకం. కింద దాక్కోవడానికి రంగే లేదు, కాబట్టి కొత్త క్రోమ్‌లో కూడా లోపలి సగం గ్రేడియెంట్ మీదికి వచ్చి కూర్చుంటుంది.

అందుకని శీర్షికను రెండు పొరలు చేశాం. తల్లి ఎలిమెంట్‌కు డిస్‌ప్లే: గ్రిడ్, రెండు పొరలకూ గ్రిడ్-ఏరియా: 1 / 1. కింది పొరలో అదే వాక్యం ముదురు ఎరుపు రంగుతో, అదే రంగు 0.08 ఎమ్ గీతతో. పై పొరలో గీత లేని గ్రేడియెంట్ అక్షరాలు. కింది పొర బయటికి 0.04 ఎమ్ మేర కనిపిస్తుంది. పెయింట్-ఆర్డర్ అవసరమే తీరిపోయింది, పాత క్రోమ్ గొడవ కూడా. ప్యాడింగ్, మార్జిన్, లైన్-హైట్ రెండు పొరలకూ ఒకే వరసలో రాయాలి. వేర్వేరుగా రాస్తే ఎప్పుడో ఒకటి మార్చి రెండోది మరిచిపోతారు, అర పిక్సెల్ జరిగినా కంటికి ఆనుతుంది.

మూడు చిన్న సంగతులు. తలకట్టు కొన దగ్గర గీత ముల్లులా పొడుచుకొస్తుంది, మందం పెరిగే కొద్దీ ఎక్కువ. తెలుగు గుండ్రటి లిపి గనక మిగతాచోట్ల ఈ బెడద తక్కువే. కొన గుండ్రంగానే కావాలంటే ఆ పొరను ఎస్‌వీజీ టెక్స్ట్‌గా పెట్టి స్ట్రోక్-లైన్‌జాయిన్: రౌండ్ ఇవ్వాలి, అది మూడు ఇంజిన్లలోనూ నడుస్తుంది. రెండోది, అనెక్ తెలుగు లాంటి వేరియబుల్ ఫాంటులో ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే అవకాశం ఉంది. రంగు లేకుండా వట్టి గీతతో చూపిస్తే ఆ లోపలి అతుకులు కూడా బయటపడతాయి. మూడోది, కింది పొరకు ఏరియా-హిడెన్ (స్క్రీన్ రీడర్‌కు దాచేది), యూజర్-సెలెక్ట్: నన్ (సెలెక్ట్ కాకుండా ఆపేది) ఉండాలి, రెండోదానికి సఫారీ కోసం వెబ్‌కిట్ తోక కూడా తగిలించాలి. లేకపోతే కాపీ చేసుకున్నవాళ్లకు శీర్షిక రెండుసార్లు వస్తుంది.

నీడ

టెక్స్ట్-షాడోను గ్రేడియెంట్ ఉన్న ఎలిమెంట్ మీదే వేస్తే రంగు మురికి పడుతుంది. గ్రేడియెంట్ అనేది వెనకతట్టు, నీడ దాని మీద పడుతుంది, అక్షరం రంగేమో పారదర్శకం. అంటే నీడ కింద బంగారం. నీడ కింది పొరకు వెళ్లాలి.

ఫిల్టర్: డ్రాప్-షాడోతో కూడా చేయవచ్చు, కానీ మసక సంఖ్యను నేరుగా తెచ్చి వేయకూడదు. టెక్స్ట్-షాడోలో 8 పిక్సెళ్ల మసక ఎంత ఉంటుందో, డ్రాప్-షాడోలో అంత కావాలంటే 4 వేయాలి. యానిమేషన్ నడుస్తుంటే ఫిల్టర్‌ను ప్రతి ఫ్రేముకూ మళ్లీ లెక్కగట్టాలి, చవక ఫోన్లలో తడబాటు వస్తుంది. టెక్స్ట్-షాడో 0, 0.06 ఎమ్, 0.1 ఎమ్ దగ్గర ఆగాం. నీడ రంగు అంచు గీత రంగుకు దగ్గరగా ఉంచాం, కారణం కింది విభాగంలో ఉంది.

ఒకటికి మించి నీడలు రాస్తే మొదట రాసినది అన్నిటికంటే పైన ఉంటుంది.

అక్షరాల కోత

ఎక్కువ సమయం తిన్న భాగం ఇదే. ఒక్కో అక్షరాన్నీ విడి స్పాన్‌లో (చిన్న ముక్కను చుట్టే ట్యాగు) పెట్టి ఆలస్యం పెంచుకుంటూ పోవాలి. కోయడం ఎలా?

జావాస్క్రిప్ట్‌లో మూడు చుక్కల గుర్తుతో స్ట్రింగ్‌ను (అక్షరాల వరసను) విప్పితే వచ్చేవి కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న ఒక్కో గుర్తు. "క్షేత్రాలు" పది ముక్కలవుతుంది: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, దీర్ఘం, ల, కొమ్ము. ట్రాన్స్‌ఫామ్ అనేది వట్టి ఇన్‌లైన్ ఎలిమెంట్‌కు పనిచేయదు గనక ప్రతి స్పాన్ ఇన్‌లైన్-బ్లాక్ కావాలి. అలా అయ్యాక పక్క స్పాన్‌తో షేపింగ్ కలవదు. ఏత్వం ఒంటరిగా మిగిలి చుక్కల వృత్తం మీద ఎక్కి కూర్చుంటుంది.

బ్రౌజర్‌లోనే ఉండే కోత సాధనం ఇంటల్.సెగ్మెంటర్ ఇంతకంటే నయం. క్రోమ్‌లో 87, సఫారీలో 14.1 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం 2024 ఏప్రిల్‌లో వచ్చిన 125 నుంచే. అది యూనికోడ్ గ్రాఫీమ్ (చదివేవాళ్లకు ఒకే అక్షరంగా కనిపించేది) నియమాన్ని పాటిస్తుంది, తెలుగుకు ఆ నియమమే మారింది. పాత నియమంలో పొల్లు దగ్గర తెగేది: క్, షే, త్, రా, లు, మొత్తం ఐదు ముక్కలు. 2023 సెప్టెంబరు నాటి యూనికోడ్ 15.1 హల్లు-పొల్లు-హల్లు వరసను విడదీయకూడదంది: క్షే, త్రా, లు, మూడే. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం ఈ నియమంలోకి వస్తాయి. అంటే అదే కోడు ఒక ఫోన్‌లో మూడు ముక్కలు, పాత ఫోన్‌లో ఐదు ముక్కలు ఇవ్వవచ్చు. ఫస్ట్-లెటర్ సూడో ఎలిమెంట్‌ను (మొదటి అక్షరానికి విడి రూపం ఇచ్చే సీఎస్‌ఎస్ మాట) నమ్ముకోకపోవడానికీ ఇదే కారణం. పద్యానికి మొదటి అక్షరం పెద్దది చేయాలంటే చేత్తో స్పాన్ పెట్టుకోవడం మేలు.

ఏ వెర్షన్ ఏ నియమం పాటిస్తోందో లెక్కలు రాసుకునే బదులు సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను పట్టే సూత్రం) రాసుకున్నాం. గుండె ఇంతే:

[క-హౘ-ౚ](?:్[క-హౘ-ౚ])*

దీని వెనక గుణింతపు గుర్తులు, పొల్లు, అరసున్న, సున్న, విసర్గ, నాన్ జాయినర్, ఇవి ఎన్ని వచ్చినా ఇదే ముక్కలో కలిపేలా ఇంకో గుంపు. అచ్చుల కోసం అ నుంచి ఔ వరకు వేరే కొమ్మ, దాని వెనకా సున్నకు చోటు. మిగతా ఏ గుర్తయినా ఒంటరిగా ఒక ముక్క. "ద్రాక్షారామం" నాలుగు ముక్కలుగా వస్తుంది: ద్రా, క్షా, రా, మం. "బ్రౌజర్‌లో"లో నాన్ జాయినర్ ర్ వెంటే ఉండిపోతుంది, లో విడిగా వస్తుంది. ఎడిటర్‌లో పొల్లు గుర్తు ముందున్న కోలన్‌కు అతుక్కుని వికారంగా కనిపిస్తుంది, కోడుకు దానివల్ల నష్టం లేదు. కంగారు పడి స్పేస్ కొట్టారంటే మాత్రం ఏదీ కలవదు.

కోత కుదిరాక కొత్త తలనొప్పులు. రెండు ఇన్‌లైన్-బ్లాక్‌ల మధ్య బ్రౌజర్ లైన్ విరవగలదు. ఇరుకు ఫోన్‌లో క్షేత్రా పైన, లు కింద పడింది. ప్రతి పదాన్నీ ఇంకో స్పాన్‌లో పెట్టి వైట్-స్పేస్: నోర్యాప్ ఇవ్వాలి, ఖాళీలు ఆ స్పాన్ బయటే ఉండాలి.

గ్రేడియెంట్ తల్లి మీద, కదలిక పిల్లల మీద ఉంటే కదులుతున్న పిల్లల ఆకారం తల్లి క్లిప్‌లో లెక్కకు రాకపోవచ్చు. అప్పుడు అక్షరాలు కనిపించవు, లేదా యానిమేషన్ ముగిశాక ఒక్కసారిగా వెలుస్తాయి. గ్రేడియెంట్‌ను ఒక్కో అక్షరం స్పాన్ మీదే వేయాలి, ప్యాడింగ్ కూడా అక్కడికే మారాలి. అడ్డంగా పోయే గ్రేడియెంటైతే ప్రతి అక్షరం దగ్గరా మళ్లీ మొదలవుతుంది. పైనుంచి కిందికి వచ్చేదైతే అన్ని స్పాన్ల ఎత్తూ ఒకటే గనక అతుకు తెలియదు. అడిగింది ఏటవాలు గ్రేడియెంట్, ఇస్తున్నది నిలువుది. ఈ ఒక్కటి మార్చుకోక తప్పలేదు.

కింది పొరలోనూ అదే కోత, అవే ఆలస్యాలు: అక్షరానికి 60 మిల్లీసెకన్లు. విడి స్పాన్లు వరసగా గీస్తారు గనక రెండో అక్షరం గీత, నీడ మొదటి అక్షరం మీద పడతాయి. అది కింది పొరలోనే జరుగుతుంది, అక్కడ అన్నీ ఎరుపే, కంటికి తెలియదు. నీడ రంగు దగ్గరగా ఉంచిందీ అందుకే. పొరలు చేయకుండా ఒకే స్పాన్‌లో గీతా గ్రేడియెంటూ కలిపి ఉంటే ప్రతి అక్షరం కుడి అంచును పక్కది కొరికేసేది.

హెచ్1కి ఏరియా-లేబుల్‌లో పూర్తి శీర్షిక ఇచ్చి, లోపలి పొరలు రెండింటినీ స్క్రీన్ రీడర్‌కు దాచాం. కదలిక వద్దని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకు యానిమేషన్ లేదు.

అండర్‌లైన్

స్కిప్-ఇంక్ డిఫాల్ట్‌గా ఆటోలో ఉంటుంది. అంటే అక్షరం తగిలినచోట గీత తెగుతుంది. క్రోమ్ 64, ఫైర్‌ఫాక్స్ 70 నుంచి ఇదే వరస. క్షీరారామంలాంటి పేరు కింద ముక్కలు ముక్కలైన గీత మిగులుతుంది. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్: 0.35 ఎమ్‌తో గీతను వత్తుల కిందికి దించాం. మందం, రంగు, శైలి విడివిడి వరసల్లో రాశాం. అన్నీ ఒకే టెక్స్ట్-డెకరేషన్ వరసలో కూరితే సఫారీ చాలాకాలంపాటు తోక లేకుండా ఒప్పుకోలేదు, వరస మొత్తం వదిలేసి అసలు గీతే వేసేది కాదు.

మిగిలినవి

ప్రింట్‌లో వెనక రంగులు డిఫాల్ట్‌గా రావు, గ్రేడియెంట్ అక్షరాలు తెల్ల కాగితం మీద తెల్లగా పోతాయి. మీడియా ప్రింట్‌లో ఫిల్ రంగు తిరిగి నలుపు చేశాం, కింది పొరను డిస్‌ప్లే: నన్ చేశాం. విండోస్ కాంట్రాస్ట్ థీముల్లో బ్రౌజరే టెక్స్ట్-షాడో తీసేస్తుంది. ఫోర్స్‌డ్-కలర్స్ షరతులో ఫిల్ రంగును కాన్వాస్‌టెక్స్ట్‌కు మార్చి గ్రేడియెంట్ తీసేశాం. సెలెక్ట్ చేసినప్పుడు అక్షరం మాయం కాకుండా సెలెక్షన్ సూడోలో ఫిల్ రంగు విడిగా ఇవ్వాలి.

మ్యాక్‌లో అక్షరాలు విండోస్‌లో కంటే కాస్త లావుగా కనిపిస్తున్నాయన్న మాట వచ్చింది. వెబ్‌కిట్-ఫాంట్-స్మూతింగ్: యాంటీఅలియాస్డ్, ఫైర్‌ఫాక్స్‌కు మోజ్-ఓఎస్‌ఎక్స్-ఫాంట్-స్మూతింగ్: గ్రేస్కేల్ పెడితే కొంత సన్నబడుతుంది. రెండూ మ్యాక్‌లోనే పనిచేస్తాయి. లింకులకు పెట్టాం, శీర్షికకు అక్కర్లేదు.

పండగ రోజుల ప్రకటనలకు కింద జారే పట్టీ కావాలని కొత్తగా అడిగారు. మార్కీ ట్యాగు ప్రమాణాల్లో కాలం చెల్లినదే అయినా మూడు ఇంజిన్లలోనూ ఇప్పటికీ నడుస్తోంది. అక్షరాలను మిణుకుమనిపించే బ్లింక్ ట్యాగునైతే (ఇంజిన్ కాదు) ఫైర్‌ఫాక్స్ కూడా 2013లో, 23వ వెర్షన్‌తో, వదిలించుకుంది. మార్కీని వాడం. పట్టీని సీఎస్‌ఎస్ ట్రాన్స్‌ఫామ్‌తో చేసి, మౌస్ పెట్టినా కీబోర్డు ఫోకస్ వచ్చినా ఆగేలా రాయాలి. వత్తులు తెగకుండా పట్టీ ఎత్తు 2 ఎమ్‌కు తగ్గకూడదు.